భోజనాల వేళ ఓడ

పింగాణీ సామాన్లు అమ్మే ఆ కంపెనీలో అతణ్ని అందరూ డేగ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆఫీసు కంప్యూటర్లలో ఎవరు ఏ పేజీ తెరిచినా అతని తెర మీద పడుతుంది మరి. నిజానికి డేగ లక్షణాలేవీ అతనిలో లేవు. బొద్దుగా, మెల్లగా మాట్లాడే మనిషి. భార్య పోయాక వంట తనే చేసుకునేవాడు; సగం రోజులు ఉప్పు మరిచిపోయేవాడు. క్రికెట్ స్కోర్లు, పెళ్లి సంబంధాలు, బట్టతలకు నూనెలు, అన్నిటినీ చూసీ చూడనట్టు పోనిచ్చేవాడు.

బిల్లుల సెక్షన్‌లో పనిచేసే ఆవిడ మాత్రం రోజూ భోజనాల వేళ ఒకే పేజీ తెరిచేది. ఏ ఓడ ఏ సముద్రం మీద ఉందో చూపించే మ్యాపు. అందులో ఎప్పుడూ ఒకే సరుకుల ఓడ. వింతగా అనిపించి ఓసారి అతనూ తెరిచి చూశాడు. నీలం మీద చిన్న పచ్చ చుక్క. మర్నాటికి కాస్త జరిగింది. ఇక అతనికదో అలవాటైపోయింది. అటువైపు తుఫాను ఉందన్న రోజున టిఫిన్ డబ్బా సగంలోనే మూసేసేవాడు. ఆ ఓడలో ఎవరున్నారో కూడా అతనికి తెలియదు.

కొత్త మేనేజరు వస్తూనే, ఆఫీసులో సొంత వ్యవహారాలు చూసుకునేవాళ్ల పేర్లు ఇమ్మని అతణ్ని అడిగాడు.

"భోజనం టైములో చూసినా తప్పేనా సార్?"

"కరెంటు మనదే కదండీ!"

ఆ సాయంత్రం అతను మెట్ల దగ్గర ఆవిణ్ని ఆపాడు.

"అమ్మా, రేపట్నుంచి ఆ ఓడని ఆఫీసు కంప్యూటర్లో చూడకండి."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఓడ సంగతి మీకెలా తెలుసు?"

"అన్నీ కనబడతాయమ్మా. అదే నా ఉద్యోగం."

"ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నారా?"

అతను తల దించుకున్నాడు. "మీ సొంత ఫోన్లో వీపీఎన్ అనే యాప్ పెట్టుకోండి. ఊరికే వచ్చేవి వద్దు, వాటిని నడిపేవాళ్లే తొంగి చూస్తారు. మంచిది పెట్టుకుంటే మీరు చూసేదంతా తాళం పడి వెళ్తుంది. ఆఫీసు వైఫైలో ఉన్నా ఏం చూస్తున్నారో ఇక్కడెవరికీ తెలీదు. నాక్కూడా."

"మీక్కూడానా?"

"నాక్కూడా."

ఆవిడ చేతిసంచీ మెట్టు మీద దించింది. "అందులో మా చెల్లి ఉంది. వంట చేస్తుంది. అమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగింది. ఓడెక్కుతానంటే నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తదు. ఆ చుక్క కదిలితే, పోనీలే, బాగానే ఉందని..." మాట పూర్తి చేయకుండానే వెళ్లిపోయింది.

మేనేజరుకి అతను ఒక్క పేరే ఇచ్చాడు, తనది. ఓడల మ్యాపు చూసింది తనేనన్నాడు.

"మీకు ఓడలతో పనేంటండీ, ఈ వయసులో?"

"ఊరికే సార్."

చీవాట్లు పడ్డాయి. పడ్డాడు.

మర్నాటి నుంచి భోజనాల వేళ ఆవిడ ఫోనుకి ఏదో వస్తోంది, పోతోంది అన్నంత వరకే అతనికి తెలిసేది. లోపలిదంతా అర్థంకాని గజిబిజి. తనే చెప్పి వేయించిన తాళం. ఓడ పేరు తెలుసు కాబట్టి ఇంటికెళ్లి తెరిచి చూడొచ్చు. చాలాసార్లు వేళ్లు అక్కడిదాకా వెళ్లాయి. ఆవిడ తలుపేసుకున్నాక కిటికీలోంచి చూసినట్టు ఉంటుందని మానుకున్నాడు. టిఫిన్ డబ్బా మూత తీస్తూ, ఈపాటికి ఏ తీరం దాటిందో అనుకునేవాడు.

ఆవిడ ఎదురుపడితే తలూపేది. అంతకుమించి మాటల్లేవు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒకనాడు మెట్ల మీంచి ఆవిడ గొంతు వినబడింది.

"ఒసేయ్ మొండిదానా, ముందు తిన్నావా లేదా చెప్పవే! నీ వంట నువ్వే తింటున్నావా? పాపం!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. అతను వెనక్కి తిరగబోయాడు. ఆవిడ చూసింది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, "రేవులో దిగిందిట సార్!" అంది.

"మంచిదమ్మా."

ఏ రేవో, ఇంటికెప్పుడొస్తుందో అడగాలనిపించింది. ఆవిడ అప్పటికే మళ్లీ చెల్లెలి మాటల్లో పడిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, అతను తన ఫోన్లోనూ వీపీఎన్ పెట్టుకున్నాడు. ఇక ఏం చూసినా ఎవరికీ తెలియదు. ఏం చూడాలో మాత్రం తట్టలేదు. చివరికి భార్య పేరు టైపు చేశాడు. అదే పేరున్న ఎవరెవరో వచ్చారు, ఒక పళ్ల డాక్టరు, ఒక డాన్సు టీచరు, ఈత పోటీలో గెలిచిన చిన్నపిల్ల. పొద్దు వాలేదాకా ఒక్కొక్కరి మొహమూ ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు.