వదిన చేతులకు తెలియనిది

మా వదిన దగ్గరికి ఎవరు వచ్చినా ఇప్పుడు ముందు కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. "మీకేం బాధో చెప్పండి. డాక్టరుగారు ఏమన్నారో అదీ చెప్పండి" అంటుంది. ఇందులో వింతేముందని మీరనుకోవచ్చు. పదేళ్ళపాటు ఆ గదిలో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "చెప్పకండి! మీరు చెబితే నా చేతులు వినడం మానేస్తాయి" అని ఆపేసిన మనిషి ఆవిడ. ఆవిడ చేత ఆ మాట మాన్పించడానికి మా ఆయన ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. కింద నా కుట్టు షాపు, పైన ఆవిడ గది. నా షాపంతా మిషను మోత, గుడ్డముక్కలు, బొత్తాలు. పైన ఎత్తుగా ఒక మంచం, దాని మీద తెల్లటి దుప్పటి, కిటికీకి మందంగా తెర. టిక్కు టిక్కుమంటే మనసు చెదురుతుందని గోడ గడియారంలో బ్యాటరీ కూడా తీసేసింది. అంతకుముందు ఆవిడ ఒక బ్యూటీ పార్లర్లో తలలు కడిగేది. ఆవిడ తల రుద్దుతుంటే ఆడవాళ్ళు కుర్చీలోనే గుర్రు పెట్టేవారు. ఆ తర్వాత ఎక్కడో ఎనర్జీ హీలింగ్ నేర్చుకుని వచ్చింది. మనిషి ఒంట్లో శక్తి ఎక్కడ ఆగిపోయిందో చేతికి తెలుస్తుందట. పడుకున్నవాళ్ళ ఒంటికి జానెడు ఎత్తున అరచేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల నుంచి పాదాల దాకా మెల్లగా జరుపుతూ పోతుంది.

"గాలికి ఇస్త్రీ చేస్తున్నారా వదినా?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"ఆ నాలిక్కి ముందు ఓ సిటింగ్ పెట్టాలి" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడ మోసగత్తె కాదు. మాత్రలు మానేయమని ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికి ఒకే పద్ధతి పెట్టగా నేను చూడలేదు. ఒకరిని గంటసేపు నిద్రపోనిచ్చేది, ఇంకొకరిని గదిలో అటూ ఇటూ నడిపించేది. భుజం నొప్పని ఒక టీచరమ్మ వచ్చింది. వదిన ఆవిడ భుజం జోలికి పోకుండా గొంతు దగ్గర చేయి నిలిపింది. ఆవిడ ఏడుపు కింద నా మిషను మోతలో కూడా వినిపించింది. దిగి వచ్చేటప్పుడు ముఖం తేటపడింది. నొప్పి పోయిందో లేదో నేనడగలేదు గానీ, వారం వారం వస్తూనే ఉంది. ఎదుటి మనిషిని చూసి ఏదో పసిగట్టే గుణం వదినలో ఉందని నేనూ ఒప్పుకుంటాను. అది చేతుల్లో ఉందా, కళ్ళలో ఉందా అన్నదాని మీదే మాకిద్దరికీ పేచీ.

ఆవిడకు ఇంకో నియమం ఉండేది. "పైకి వచ్చే ముందు కింద కాసేపు కూర్చోండి. ఊపిరి కుదుటపడ్డాక, చెమట ఆరాక రండి. ఉరుకులు పరుగుల మీద వస్తే నాకు మీ పరుగే తెలుస్తుంది" అనేది. దాంతో నా షాపులో బెంచీ కాస్తా ఆవిడ వెయిటింగు హాలైపోయింది. బట్టలిచ్చిపోదామని వచ్చినవాళ్ళు నిలబడేవారు, వదిన మనుషులు దర్జాగా కూర్చునేవారు.

వాళ్ళందరిలోకీ బుద్ధిమంతుడు మా ఆయనే. ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. మోటారు తిరిగే చప్పుడు వినగానే బేరింగు పోయిందో, వైండింగు కాలిందో చెప్పేస్తాడు. తన ఒంటి సంగతి మాత్రం అక్కకు వదిలేశాడు. వాళ్ళ అమ్మ చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. జ్వరం వచ్చినప్పుడు ఆవిడ నుదుటి మీద చేయి వేస్తే సగం తగ్గిపోయేదట. అందుకని వారానికోసారి సాయంత్రం వచ్చి, నా బెంచీ మీద కూర్చుని, తేరుకున్నాక మెట్లెక్కేవాడు.

ఆ ఏడాది ఆయన తేరుకునే సమయం పెరుగుతూ వచ్చింది. మొదట్లో నేనొక బొత్తాం కుట్టేలోపు లేచేవాడు. తర్వాత ప్యాంటు అంచు మడిచి కుట్టినా లేచేవాడు కాదు. చివరికి చొక్కాకు కాలరు, చేతులు అన్నీ ఎక్కించి తలెత్తి చూస్తే, ఇంకా అక్కడే కూర్చుని గుండె మీద రాసుకుంటున్నాడు.

"ఏమండీ, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి."

"నిన్నేగా అక్క చూసింది? అంతా హాయిగా ఉందంది."

చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఇదే జవాబు. నాకు ఒళ్ళు మండిపోయింది. మిషను ఆపేసి పైకి వెళ్ళాను.

"మీ తమ్ముణ్ణి మీరు ఎప్పుడు చూస్తున్నారు వదినా? నా బెంచీ మీద సేద తీరాక చూస్తున్నారు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి చేతికిస్తే, మరక ఎక్కడుందని కనిపెడతారు?"

"వాడి సంగతి నాకు తెలియదా? ఎత్తుకు పెంచినదాన్ని" అంది. నేను దిగి వచ్చేశాను.

మర్నాడు ఆయన రోజూ టీకి వచ్చే వేళకు ముందే వదిన షాపులోకి వచ్చింది. కొలతలు తీసే చోట వేలాడే తెర వెనక్కి వెళ్ళి నిలబడింది. బెంచీ మీద అప్పటికే టీచరమ్మా, ఇంకో పెద్దాయనా తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు.

ఆయన వీధి మలుపు నుంచి నడిచే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి ఒక చేత్తో తలుపు పట్టుకున్నాడు. రెండో చేయి గుండె మీద. చల్లటి పూట నుదుటి నిండా చెమట. నేను గుడ్డ మీద గీతలు గీసే సుద్దకూ ఆయన ముఖానికీ తేడా లేదు. తడుముకుంటూ వచ్చి నా కత్తిరింపు బల్లను ఊతం పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

తెర పక్కకు తోసి వదిన బయటికి వచ్చింది. ఆవిణ్ణి చూసి ఆయన నవ్వబోయాడు.

"అక్కా, కాస్త ఆగు. ఊపిరి కుదుటపడ్డాక పైకొస్తాను."

"పైకొద్దు. ఆసుపత్రికి పద."

"అదేంటి? మొన్న అంతా బాగుందన్నావుగా?"

టీచరమ్మ, పెద్దాయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వదిన వాళ్ళ వైపు చూసింది, మళ్ళీ తమ్ముడి వైపు చూసింది.

"తప్పు చెప్పానురా. నీ ఆయాసమంతా ఈ బెంచీ మీద వదిలేసి నా దగ్గరికి వస్తున్నావు. అలా రమ్మన్నదీ నేనే. లే."

నేను చెబితే కదలని మనిషి అక్క లెమ్మనగానే లేచాడు. ఇంకో రోజైతే దానికి నేను ఉడుక్కునేదాన్ని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా అక్క ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళ అలవాటు మరి!

"చెప్పరా. ఏదీ దాచకుండా చెప్పు" అంది వదిన.

అప్పుడు చెప్పాడు. మోటారు ఎత్తితే ఎడమ చెయ్యి లాగుతుందట. నిద్రలో దవడ నొప్పితో మెలకువ వస్తుందట. ఒక్కో మాటకూ వదిన ముఖం వాడిపోయింది. నా పక్కన పడుకునే మనిషి ఇదంతా మోస్తున్నాడని నాకూ అప్పుడే తెలిసింది.

పరీక్షలు చేసి, గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి బాగా పూడుకుపోయిందన్నారు. అప్పటికప్పుడే మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ పంపి స్టెంటు వేస్తామని లోపలికి తీసుకెళ్ళారు. మేమిద్దరం బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో పరాయి చేతుల్ని చూసినట్టు చూసుకుంటోంది.

"ఆ గది మూసేస్తాను" అంది.

మరొకప్పుడైతే ఆ మాటకు స్వీట్లు పంచేదాన్ని. అప్పుడు మాత్రం కోపమే వచ్చింది. "మూసేస్తే టీచరమ్మ ఎక్కడికి పోయి ఏడుస్తుంది? మీ చేతులు మంచివే వదినా. వాటికి తోడు నోరు కూడా ఉంది కదా, అడగండి" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ వచ్చి, "అంతా బాగా జరిగింది, భయం లేదు" అనేదాకా వదల్లేదు.

లోపలికి వెళ్ళేసరికి ఆయన మణికట్టుకు కట్టుతో పడుకుని ఉన్నాడు. ముఖంలోకి రంగు వచ్చింది. మమ్మల్ని చూడగానే, "అక్కా, ఓసారి చూడు. ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. ఇంత జరిగాక కూడా! నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది.

వదిన చెయ్యి ఎత్తింది. గాల్లో ఒక్క క్షణం నిలిపి, తర్వాత దించేసి, తిన్నగా తమ్ముడి గుండె మీద ఆనించింది.

"ఏం తెలుస్తోంది?" అన్నాడు.

"నాకేం తెలియట్లేదురా. కొట్టుకుంటోంది, అంతే" అంది.

నేను గబగబా ముందుకు వెళ్ళి, ఆవిడ చెయ్యి పక్కకు జరిపి, నా చెయ్యి కూడా పెట్టి చూశాను.