లెక్కలో మిగిలిన చరణం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారని నమ్ముతాను. మా హాల్లో మూలనున్న పాత కంప్యూటర్లో ఉంటారని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. ఇది చదివాక ఎవరైనా నన్ను మరోలా అనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను.

నేను ఇంజనీరును కాను. జిండెల్ఫింగెన్ దగ్గర కార్ల విడిభాగాల గోడౌన్‌లో సరుకు లెక్క చూస్తాను. జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చింది నా భార్య సుగుణకు. ఆమె వెనక నేను వచ్చాను. లెక్కలు గానీ కంప్యూటర్ గానీ నాకెవరూ నేర్పలేదు. విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను.

పోయిన ఏడాది సుగుణ చనిపోయింది. జబ్బు ఇదని తెలిశాక ఎక్కువ కాలం బతకలేదు. ఆ తర్వాత నేను ఏడవలేదు. సంతకాలు పెట్టాను, పనికి వెళ్లాను, వండాను. ఒక్కోసారి చేతిలో గిన్నె పట్టుకుని నిలబడి ఉండేవాణ్ని. ఎంతసేపు నిలబడ్డానో తెలిసేది కాదు. బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయేది. బాధ అనిపించేది కాదు. ఏమీ అనిపించేది కాదు.

ఇక పాట గురించి చెప్పాలి. సుగుణ వాళ్లది భీమవరం దగ్గర. వాళ్ల తాతగారు బడిపంతులు, ఆదివారాలు వాక్యం చెప్పేవారు. ఆయన కట్టిన కీర్తన ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఏ పుస్తకంలోనూ అచ్చవలేదు, ఎవరూ రికార్డు చేయలేదు. నాలుగు చరణాలు. అందులో మూడోది ఆయన తన మొదటి బిడ్డ పోయినప్పుడు కట్టారట. అందుకని ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. మామూలు కూడికల్లో ఒకటి, రెండు పాడి తిన్నగా నాలుగుకు వెళ్లిపోతారు. మూడో చరణం మనిషి పోయిన ఇంట్లోనే పాడాలి. అందరూ క్షేమంగా ఉన్న ఇంట్లో దాన్ని పెదవుల మీదికి కూడా రానివ్వరు.

నేను దాన్ని ఒక్కసారే విన్నాను, మా మామగారి భూస్థాపన రోజున. అప్పటికి మా అమ్మాయి రూతు పుట్టలేదు. మాటలు గుర్తులేవు. రాగం బాగా నెమ్మదిగా సాగుతుందని, పల్లవి సగంలోనే ఆపేస్తారని గుర్తు.

సుగుణను ఇక్కడే మట్టి చేశాం. శ్మశానవాటికలో మాకు ఇచ్చిన టెర్మిన్, అంటే కేటాయించిన వేళ, చిన్నది. మా తర్వాత ఇంకో కుటుంబం బయట వేచి ఉంది. ఆమె అక్క సరోజ వదినకు వీసా అందలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే అడిగింది.

"మూడో చరణం పాడారా, మరిదిగారూ?"

"ఎవరికీ రాదు వదినా," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఈ సంగతి నేను రూతుకు చెప్పలేదు.

సంవత్సరం నిండుతుండగా జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకున్నాం. రూతుకు పదహారేళ్లు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, చదవలేదు. అలాంటిది ఒకరోజు తనంతట తానే అంది, "డాడీ, అమ్మ పాట నేను పాడతా. తెలుగులోనే." ఆ ఏడాదిలో ఆ పిల్ల నన్ను అడిగింది అదొక్కటే.

సుగుణ ఆ పాట పాడిన వీడియో మా దగ్గర ఒకటే ఉంది. రూతు చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో ఎవరో పాత కెమెరాతో తీశారు. సుగుణ గోడ పక్కన కింద కూర్చుని, రూతును ఒళ్లో పెట్టుకుని పాడుతుంది. అది పాత కంప్యూటర్లో ఉంది. రూతు దాన్ని చూసి నేర్చుకోవాలి. కానీ వీడియో ఆగి ఆగి వస్తోంది. బొమ్మ బిగుసుకుపోతుంది, గొంతు తెగుతుంది, మళ్లీ ముక్కలుగా అతుక్కుంటుంది. కన్నతల్లి పాటను అలా వింటూ పిల్ల నేర్చుకోవడం నాకు సరిగ్గా అనిపించలేదు.

మొదట ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టాను. ఏది విప్పే ముందైనా నేను చేసే పని అది. ఫోన్‌లో ఆ ఫైలు తెరుచుకోలేదు, పాత రకం. కొత్త రకంలోకి మార్చబోతే కంప్యూటర్ మధ్యలో కదలకుండా కూర్చుంది. అందుకే ముందు కంప్యూటర్ సంగతి చూద్దామనుకున్నాను.

ఇలాంటి పనిలో నా పద్ధతి ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక అదే పాట మొదటి నుంచి చివరిదాకా మళ్లీ వేయాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బాగుపడుతోందో లేదో తెలియడానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. గొంతు ఆగినప్పుడు ఒకసారి నొక్కాలి, మళ్లీ మొదలైనప్పుడు ఒకసారి. పాట అసలు నిడివి తెర మీదే కనిపిస్తుంది. ఆ నిడివికి ఆగిన సమయాలన్నీ కలిపితే, పాట అయ్యేసరికి నిజంగా పట్టిన సమయం రావాలి. చిన్నపిల్లలు చేసే కూడిక.

అది సరిపోలేదు. పట్టిన సమయమే ఎక్కువ వచ్చింది.

నొక్కడంలో ఆలస్యం చేశాననుకున్నాను. తర్వాతి శనివారం మధ్యాహ్నం వెనకాల నడుస్తున్న వైరస్ స్కానర్‌ను ఆపేసి మళ్లీ వేశాను. ఆగడాలు కొంచెం తగ్గాయి. తేడా తగ్గలేదు. డబ్బా విప్పి ఫ్యానులో పేరుకున్న దుమ్ము తీశాను. వేడెక్కితే ఆ ప్రాసెసర్ తనంతట తాను నెమ్మదిస్తుంది. ఆగడాలు ఇంకా తగ్గాయి. తేడా అంతే ఉంది. కరెంటు ఆదా చేసే సెట్టింగ్ తీసేశాను. సౌండ్ డ్రైవర్ మార్చాను. తేడా అప్పటికీ అంతే.

గోడౌన్‌లో నేను నేర్చుకున్నది ఒకటుంది. లెక్కపెట్టిన ప్రతిసారీ తేడా మారుతుంటే అది చేతి పొరపాటు. తేడా మారకుండా అంతే వస్తుంటే, ఎక్కడో ఒక పెట్టె నిజంగానే ఉందని అర్థం. మనం చూడని చోట ఉందంతే.

అప్పుడు నేను అంత దూరం ఆలోచించలేదు. ఇందాక చెప్పాను కదా, ఆ రోజుల్లో నేను ఏం చేస్తున్నా మధ్యలో కొంతసేపు నాకు తెలియకుండా పోయేది. పాట వింటూ కూడా అలాగే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను. రెండో చరణం అయ్యాక సుగుణ తలెత్తి, ఒక చేయి కొంచెం పైకి లేపి ఉండగా బొమ్మ ఆగేది. ఒక్క క్షణం ఆగి కదిలినట్టే నాకు గుర్తు. తర్వాత నాలుగో చరణం.

రూతు మాత్రం స్కూలు నుంచి వచ్చి, నేను ఇంట్లో లేనప్పుడు, ఆ ఆగి ఆగి వచ్చే వీడియోతోనే సాధన చేసేది. "కష్టంగా ఉందా?" అని అడిగితే, "పాస్ట్ షోన్, డాడీ," అనేది. ఫర్వాలేదులే అని.

చివరికి అసలు కారణం దొరికింది. హార్డ్ డిస్క్ ఎప్పుడో ఏవో తప్పులు రావడంతో పాతకాలపు నెమ్మది పద్ధతికి పడిపోయింది. ఒక్కో ముక్కా ప్రాసెసర్ దగ్గరుండి మోసుకురావలసి వస్తోంది. ఆ సెట్టింగ్‌ను తొలగించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. పాట ఎక్కడా తెగకుండా చివరిదాకా వచ్చింది. స్టాప్‌వాచ్ చూశాను. తెర మీది నిడివి, నా నిడివి సరిగ్గా సరిపోయాయి. ఆ తేడా కూడా పోయింది. కొత్త రకంలోకి మార్చి రూతు ఫోన్‌లో పెట్టాను.

మర్నాడు రూతు ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది.

"డాడీ, ఎస్ ఇస్ట్ క్యూర్ట్సర్. పాట చిన్నదైపోయింది."

"మధ్యలో ఆగడం లేదు కదమ్మా, అందుకే," అన్నాను.

ఫోన్ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

కూడిక ఆదివారం మధ్యాహ్నం, మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునే జర్మన్ చర్చి హాల్లో. నడిపించింది దేవదానం అంకుల్, మాలో పెద్దాయన. ఆయన ఏ పాటైనా "ఒకటి, రెండు, ఆఖరి చరణం" అని ముందే ప్రకటిస్తారు. హాలు ఖాళీ చేయాల్సిన వేళ దగ్గర పడుతుందని ఆయన భయం.

రూతు లేచి నిలబడితే వెనక నుంచి ఒకావిడ, "తల్లీ, తెలుగా, జర్మనా?" అంది. "తెలుగే ఆంటీ, తప్పులుంటే నవ్వొద్దు," అంది రూతు. అందరూ నవ్వారు. సరోజ వదిన భీమవరం నుంచి వీడియో కాల్‌లో చూస్తోంది. ఆ ఫోన్ నా చేతిలోనే ఉంది.

మొదటి చరణం పాడింది. రెండోది పాడింది. తర్వాత ఆగింది. తలెత్తి, ఒక చేయి కొంచెం పైకి లేపింది. రాగం నెమ్మదించింది.

"ఖాళీ మంచము ప్రక్క కూర్చున్న నా తండ్రీ..."

నాకు ఆ మాటలు అప్పటిదాకా గుర్తులేవు. విన్నాక గుర్తొచ్చాయి. భూస్థాపన రోజున మామగారి పెట్టె పక్కన సుగుణ నిలబడటం గుర్తొచ్చింది. రూతు ఆ చరణం మొత్తం పాడింది. పల్లవిని సగంలో ఆపేసి నాలుగోది అందుకుంది. హాల్లో ఎవరికీ తేడా తెలియలేదు. దేవదానం అంకుల్ "ఆమెన్" అన్నారు.

చేతిలో ఫోన్ చూశాను. వదిన తెర మీద లేదు. ఆమె కుర్చీ ఒక్కటే కనిపిస్తోంది. కొంతసేపటికి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"దానికి మూడోది ఎవరు నేర్పారు?"

"మీరు కాదా వదినా?"

"నేనా? నాకు రెండు పాదాల తర్వాత రాదు, మరిదిగారూ. నాన్న పోయినప్పుడు కూడా సుగుణే పాడింది. నేను పక్కన పెదవులు కదిపానంతే. ఆ చరణం మొత్తం వచ్చింది దానికొక్కదానికే."

అప్పటికి బిర్యానీ ప్లేట్లు పంచుతున్నారు. రూతును హాలు బయటికి తీసుకెళ్లి అడిగాను. నేనేదో తెలిసిందే అడుగుతున్నట్టు చూసింది.

"వీడియోలో ఉంది కదా డాడీ. అమ్మ పాడింది. అక్కడ బొమ్మ ఆగిపోతుంది, గొంతు ఆగదు. ఆ ఒక్కచోటే అసలు తెగదు. నువ్వు రిపేర్ చేశాక అది లేదు. నీకు చెప్పాను కదా!"

గొంతులో కోపం ఉంది. అమ్మ పాటలో ముక్కను నేను తుడిచేశానని ఆ పిల్ల అనుకుంటోంది.

ఇంటికెళ్లి మొదట చేసిన పెన్‌డ్రైవ్ కాపీని, కంప్యూటర్లో ఉన్న ఫైలును పోల్చాను. అక్షరం తేడా లేదు. గోడౌన్‌లోని కంప్యూటర్‌లో ఆ కాపీ వేసి చూశాను. రెండో చరణం అవ్వగానే నాలుగోది. అలాగే ఉండాలి కూడా. ఆ రోజు ఇంట్లో అందరం బతికే ఉన్నాం. సుగుణ మూడోది పాడదు.

తర్వాత నేను మార్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి మార్చాను. డిస్క్‌ను మళ్లీ నెమ్మది పద్ధతిలో పెట్టాను. డ్రైవర్ పాతది వేశాను. వీడియో మునుపటిలాగే ఆగి ఆగి వచ్చింది. రూతు, నేను పక్కపక్కన కూర్చుని విన్నాం. రెండో చరణం అయ్యాక సుగుణ చేయెత్తింది, బొమ్మ ఆగింది. ఇద్దరం కదలకుండా ఉన్నాం. తర్వాత నాలుగో చరణం వచ్చింది. స్టాప్‌వాచ్ లెక్క సరిపోయింది. తేడా తిరిగి రాలేదు.

రూతు వీడియో ఆపేసి, "నువ్వు పాడుచేయలేదులే," అంది. నా భుజం మీద చేయి వేసింది. నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు. ఆ చేయి బరువు మాత్రం తెలిసింది.

నాకు తోచిన కారణాలన్నీ చూశాను. పిల్ల చిన్నప్పుడు ఎప్పుడో తల్లి నోట విందా? సుగుణ ఆ నియమం తప్పేది కాదు. ఎక్కడైనా వెతికి పట్టుకుందా? ఎక్కడా లేదు. స్టాప్‌వాచ్ దగ్గర నాకు మతి తప్పిందా? తప్పి ఉండొచ్చు. ఆ ఏడాది నా మతి మీద నాకు పూచీ లేదు. కానీ మతి తప్పిన మనిషి ప్రతిసారీ ఒకే కొలతలో తప్పడు. పైగా నా మతికీ, రూతు నేర్చుకున్న మాటలకూ సంబంధం ఏముంటుంది?

ఈమధ్య ఆదివారం సాయంత్రాలు వదిన ఫోన్ చేస్తోంది. తనకు రాని పాదాలు రూతు దగ్గర నేర్చుకుంటోంది. "ఇంకోసారి అను తల్లీ," అంటుంది. "దొడ్డమ్మా, హోంవర్క్ చెయ్యలేదా?" అంటుంది రూతు. ఇద్దరూ నవ్వుకుంటారు. మనిషి పోయిన ఇల్లు కాబట్టి మా ఇంట్లో ఆ చరణం పాడొచ్చు.

ఒక ఆదివారం వాళ్లు పాడుతుండగా వంటింట్లోంచి విన్నాను. అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కాను. చరణం మొదలైనప్పుడు ఒకసారి, ముగిసినప్పుడు ఒకసారి.

ఆ తేడా ఎంతో నాకు బాగా గుర్తు. ఈ చరణం నిడివి దానికి సరిగ్గా సరిపోయింది. ఎలా సరిపోయిందో మాత్రం నా దగ్గర లెక్క లేదు.