నేను చదివి వినిపించిన కాగితం

ఈరోజు నేను లా పాసయ్యానండీ. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. రైలు తాడేపల్లిగూడెం దాటుతుండగా ఫోన్లో రిజల్టు చూసుకుని, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దావిడ చేతులు పట్టుకుని చెప్పేశాను. ఏలూరులో దిగేదాకా కాళ్లు నేల మీద ఆనలేదు. ఈ సంతోషంలోనే మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆరేళ్లు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇంటికెళ్లి మళ్లీ రోడ్డు మీదికొచ్చాం, బస్సుకి ఇంకా గంట ఉంది. ఆలోపు రాసేస్తాను.

మా ఊరు పెదపాడు అవతల, కొల్లేటి వైపు. నాన్నకి చదువు రాదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా, శుభలేఖ అయినా, కరెంటాఫీసు నోటీసు అయినా, మూడో తరగతి నుంచీ నేనే చదివి వినిపించాలి. నేను చదివిందే ఆ కాగితంలో ఉన్నట్టు. ఎవరూ మళ్లీ అడిగేవారు కాదు.

నాన్న తమ్ముడు, మా బాబాయి, పోలీసు కానిస్టేబులు. ఇంటర్ పరీక్షలకి నన్ను బండి మీద ఏలూరు తీసుకెళ్లి, రాసి బయటికొచ్చేదాకా ఎండలో గేటు దగ్గరే నిలబడేవాడు. అమ్మ అన్నయ్య కొడుకు, మా బావ, నాకు దోనె నడపడం నేర్పాడు. పొగమంచులో కిక్కిస పొదల మధ్య నుంచి వెళ్తుంటే నీళ్లేవో ఆకాశమేదో తెలిసేది కాదు. గూడబాతులు పక్కనే తేలుతూ, కలలో మనుషుల్లా మెల్లగా తల తిప్పి చూసేవి. ఇప్పటికీ బావని తలుచుకుంటే మొహం రాదు. ఆ తెలుపు వస్తుంది. అందులో ఎక్కడో దోనె గెడ నీళ్లలో వేసిన చప్పుడు వస్తుంది.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా ఒక కాలేజీ అమ్మాయిని ఎవరో చంపేశారు. పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. ఎవరో బయటికి చెప్పలేదు. రెండో రోజు తెల్లవారుతుండగా కొల్లేరుకి తీసుకొచ్చారట, పారిపోతూ నీళ్లలో దూకి చనిపోయాడట. జనం పోలీసుల మీద పూలు చల్లారు. క్లాసులో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చనిపోయింది బావ అని మధ్యాహ్నం తెలిసింది. తీసుకొచ్చిన నలుగురిలో బాబాయి ఒకడని సాయంత్రం తెలిసింది.

బావ ఆ పని చేశాడా? నాకు తెలియదు. అడిగి తెలుసుకునే వీలు ఆ నలుగురూ ఎవరికీ మిగల్చలేదు.

ఆ తెల్లవారుజామున నాన్న చేపల చెరువు గట్టు మీద మేత వేస్తున్నాడు. మంచులో మొహాలు ఆనలేదు కానీ, చేతులు వెనక్కి కట్టేసిన మనిషిని నీళ్లలోకి తోయడం చూశాడు. విచారణ ఆఫీసరుకి ఇవ్వాల్సిన వాంగ్మూలం బాబాయే రాయించి పట్టుకొచ్చాడు.

"ఏరా, నేను చెప్పిందే రాశారా?" అన్నాడు నాన్న, అరుగు మీద కూర్చుంటూ.

"అదే అన్నయ్యా. నా మీద నమ్మకం లేకపోతే నీ ఇంటి ప్లీడరు గారు, నీ కూతురుంది కదా, చదివించుకో."

"చదువమ్మా. ఒక్క ముక్క మింగకు."

కాగితంలో 'తనంతట తానే దూకాడు' అని ఉంది. బాబాయి నావైపు చూడలేదు. హెల్మెట్ బెల్టు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, తోసేశారు" అని చదివాను. నాన్న చెప్పింది చెప్పినట్టు, లేని అక్షరాల మీద వేలు పెట్టి మరీ. వంటింట్లోంచి అమ్మ కూడా విన్నది. నాన్న వేలిముద్ర వేశాడు.

ఎందుకు చేశాను? బాబాయి జైలుకి పోతాడనా? గేటు దగ్గర ఎండలో నిలబడినందుకా? లేక చప్పట్లు కొట్టిన చేతులు కదా, బావకి ఇలాగే జరగాలని లోపల ఎక్కడో అనుకున్నానా? ఈ మూడోదే నన్ను నిద్రపోనివ్వదు.

విచారణలో ఆఫీసరు ఒక్కటే అడిగాడు, ఈ వేలిముద్ర మీదేనా అని. "నాదేనండి, మా అమ్మాయే చదివి వినిపించిందండి" అన్నాడు నాన్న గర్వంగా. తనే దూకాడని నాన్న చెప్పినట్టు తేల్చి కేసు మూసేశారు. బావ తండ్రి, మా మావయ్య, మా మొహాన తలుపేశాడు. అమ్మ పుట్టింటి గడప తొక్కక ఆరేళ్లయింది. పైవాళ్లు కాగితం మార్చేశారని నాన్న నమ్మకం. "నా తమ్ముడు అలాంటివాడు కాదే" అని అమ్మతో ఇప్పటికీ అంటాడు.

ఇవాళ ఇంటికి రాగానే నాన్న వీధంతా వినపడేలా కేకేశాడు, "మా అమ్మాయి ప్లీడరైపోయిందండోయ్!" ఎదురింటాయన, "అయితే ఇక మీతో తగువు పెట్టుకోకూడదండీ బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న అరుగు మీద కూర్చుని, "మార్కులు చదువమ్మా. ఉన్నవి ఉన్నట్టే, పెంచకు" అన్నాడు.

చదివాను. సాక్ష్య చట్టంలో అత్తెసరు మార్కులు. అదీ చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అప్పుడిక ఆగలేకపోయాను. కిందటేడు అర్జీ పెట్టి తెచ్చుకున్న వాంగ్మూలం నకలు పుస్తకంలోంచి తీసి, అదీ చదివాను. "తనంతట తానే దూకాడు. నేను చేతులు కట్టడం గానీ తోయడం గానీ చూడలేదు." "ఆ రోజు కాగితంలో ఇదే ఉంది నాన్నా, నేనే మార్చి చదివాను" అన్నాను.

నాన్న తన బొటనవేలు చూసుకున్నాడు. పంచెకి తుడుచుకున్నాడు.

"మళ్లీ చదువు," అన్నాడు. ఈసారి 'చదువమ్మా' అనలేదు.

మళ్లీ చదివాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నాన్న లేచి, దండెం మీది చొక్కా తీసుకున్నాడు. "మీ మావయ్యకీ చదువు రాదు. అక్కడా నువ్వే చదవాలి. పద." అమ్మ చీర మార్చుకోవడానికి వెళ్లింది.

ముగ్గురం రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాం. వాళ్లు నాకు కాస్త దూరంగా. మావయ్య తలుపు తీస్తాడో లేదో తెలియదు. బాబాయికి ఫోన్ చేయలేదు. గొంతులో ముల్లు మాత్రం లేదు. అది ఉన్నచోట పచ్చిగా మండుతోంది.

బస్సు కనిపిస్తోంది. కాగితం నా చేతిలోనే ఉంది.