పిన్ని పెట్టని సంతకం

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతుకు ఫోన్ చేసి చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి భీమవరంలో కూర్చుని రాశాను. బాగా రాశాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఓపెన్ సోర్స్‌గా పెట్టాను కాబట్టి ఎవరైనా ఊరికే తీసుకుని, కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫోన్‌లో వినిపించే గొంతు మాత్రం మొగల్తూరులో చెరువు చేసే మా పిన్నిది. "ఆక్సిజన్ పడిపోతోందండి, ఏరేటర్లు వెయ్యండి" అని అర్ధరాత్రి ఆవిడ అంటే లేవని రైతు లేడు.

ఒక కంపెనీ దాన్ని కొంటానంది. ఊరికే దొరికేదాన్ని కొని ఏం చేసుకుంటారని అడిగాను. సాఫ్ట్‌వేర్ అలాగే అందరికీ ఊరికే దొరుకుతుందట. దాన్ని తమ కంప్యూటర్ల మీద నడిపి, చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చెడితే మనిషిని పంపి, నెలనెలా చందా తీసుకుంటారట. నాకు నచ్చింది. కానీ కాగితాల్లో ఇంకో షరతుంది. ఇకముందు చేసే మార్పులు బయటివాళ్ళకు ఇవ్వకుండా మూసిపెట్టుకునే హక్కు వాళ్ళకు కావాలి. అందుకు ఇందులో చెయ్యి వేసినవాళ్ళందరూ సంతకం పెట్టాలి. అందరూ అంటే నేనూ, పిన్నీ.

పిన్ని చదివి కాగితం పక్కన పెట్టేసింది.

"నడుపుకోమను, డబ్బు తీసుకోమను, వాళ్ళ కష్టం వాళ్ళది. తాళం వెయ్యడానికి మాత్రం నా గొంతు ఇవ్వన్రా. అరెకరం చెరువువాళ్ళు ఏమైపోవాలి?"

"తాళం లేకపోతే చందా ఎవడు కడతాడు పిన్నీ? నీకు వ్యాపారం తెలీదు" అని అరిచాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెరువు మీదే సంసారం ఈదుకొచ్చిన మనిషిని అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ కదల్లేదు. చివరికి కంపెనీ ఆ షరతు కొట్టేసి, నాకిస్తానన్న దాంట్లో సగం కోసేసింది. పళ్ళు కొరుక్కుంటూ సంతకం పెట్టాను. వీళ్ళు ఆరు నెలల్లో దుకాణం కట్టేస్తారని గట్టిగా నమ్మాను కూడా.

కట్టెయ్యలేదు. చందా కట్టేవాళ్ళు నెలనెలా పెరిగారు. ఒకసారి వాళ్ళ ఆఫీసుకు వెళ్తే జాబితా చూపించారు. అందులో మొదటి పేరు పిన్నిది. అక్కణ్ణుంచే ఫోన్ చేశాను.

"నీకు ఊరికే వస్తుంది కదా పిన్నీ, చందా ఎందుకు కట్టావు?"

"సెన్సర్ పాడైందని నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఒక్కసారైనా వచ్చావురా? వాళ్ళ మనిషి పిలిచిన పూటే వచ్చాడు."