ఓబులప్ప మామ బూట్లు విడిచే వరస

సోలార్ పార్కు కట్టుబడి అయిపోయి, ప్లాంట్లన్నీ కరెంటు ఇయ్యడం మొదలుపెట్టిన తర్వాతి ఎండాకాలం అది. తిరుమణి పక్కన ఒక ప్లాంటులో నేను సేఫ్టీ సూపర్‌వైజరుగా కొత్తగా చేరినాను. మాది మంగళవాడ, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు. చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. ఊర్లో ఎవరన్నా "నీ పనేంది పాపా?" అంటే "మనుషులకు బూట్లు తొడిగించేది" అని చెప్తాను. నవ్వుతారు గానీ, సగం పొద్దు నాకు దాంతోనే సరిపోతాది.

పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి కాసేపు జాగ్రత్తలు చెప్పాల. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. అందులో ఎప్పుడూ నా ప్రాణం తీసే మాటలు రెండు ఉండాయి, హజార్డ్, రిస్క్. మన తట్టు రెండిటికీ అపాయం అనేస్తాము, పని గడిచిపోతాది. ప్లాంటులో గడవదు. నేను బావి కథ చెప్పేదాన్ని. చుట్టూ గోడ లేని బావి హజార్డ్. దాని పక్కన బిడ్డ ఆడుకుంటా ఉంటే, పడేదానికి ఎంత అవకాశం, పడితే ఎంత దెబ్బ అని వేసుకునే లెక్క రిస్క్. బావి పూడిస్తే హజార్డే ఉండదు. గోడ కడితే బావి అట్లే ఉంటాది, రిస్క్ తగ్గుతాది. మా ప్యానెలు పూడ్చలేని బావి. ఎండ పడినంతసేపు అది కరెంటు తయారు చేస్తానే ఉంటాది, నువ్వు ఏ స్విచ్చి ఆపినా దాని తీగల్లో కరెంటు ఉండనే ఉంటాది. సూర్యుణ్ణి ఆర్పేదానికి మా కంపెనీ దగ్గర మనిషి లేడు. అందుకే రబ్బరు బూట్లు, గ్లోవ్సు.

ప్యానెళ్లు కడిగే గుంపులో ఓబులప్ప మామ ఉండాడు. రాయచెర్లు మనిషి, తల నెరిసినా చెయ్యి చురుకు. ఒకప్పుడు గొర్రెలు కాసినాడు, తర్వాత చేన్లో సెనిక్కాయ పెట్టినాడు. ఆ చేను కంపెనీకి లీజుకిచ్చి, అదే చేన్లో ప్యానెళ్లు కడిగే పనికి చేరినాడు. ఆయన పనికి వంక పెట్టేదానికి లేదు.

అట్లాంటి మనిషి బూట్లు ఒకనాడు ఒక ప్యానెళ్ల వరస మొదట్లో కనబడినాయి. ఎవరింటికో చుట్టం వచ్చి గడప ముందర విడిచినట్ల, జత పక్కపక్కన పెట్టి ఉండాయి. మామ లోపల తడి నేల మీద ఉత్త కాళ్లతో ప్యానెలు తుడుస్తా ఉండాడు.

"ఏంది మామా ఇది?"

"కాళ్లకు చెమట పడతాంది పాపా."

సరేలే అని పలచని సాక్సులు ఇప్పించినాను. కొన్నాళ్లకు మళ్లీ అదే వరస, అదే జత. ఈసారి బూట్లు కరుస్తుండాయి అన్నాడు. ఇంకో సైజు ఇప్పించినాను. ఆ తర్వాత మళ్లీ చూస్తే మళ్లీ అదే కథ. నాకు తిక్క రేగింది. మిగతా ఏ వరసలోనూ చెమట పట్టదంట, బూట్లు కరవవంట, ఈడ ఒక్కచోటే కరుస్తాయంట! నేను గొంతు పెంచేసరికి మా మేనేజరు జీపు ఆపి దిగినాడు. బెంగళూరాయన, మంచోడే గానీ రూలంటే రూలు. "ఇంకొక్కసారి కనబడితే ఈయన గేటు పాసు క్యాన్సిల్" అనేసి పోయినాడు.

మామ మొగం వాడిపోయింది. లీజు డబ్బు ఇంటికొస్తాంది, కొడుకు సంపాదిస్తుండాడు, కూటికి కరువు లేదు. "పోతే పోనీ మామా, ఈ ఎండలో నీకెందుకీ పాట్లు? ఇంటికాడ నీడలో కూర్చో" అన్నాను.

"పాసు లేకపోతే ఈడికి నన్నెవరు రానిస్తారు పాపా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినాయి. "ఈ ప్యానెళ్ల కింద మా నాయన ఉండాడు."

అప్పుడు చెప్పినాడు. వాళ్లింట్లో పోయినోళ్లను సొంత చేన్లోనే మట్టి చేసి తలకాడ రాయి నిలబెడతారు. లీజుకిచ్చేటప్పుడు నేల చదును చేయాలన్నారని, మామే ఆ రాయి పెరికి ఇంటికి మోసుకుపోయినాడంట. "రాయి ఇంటికొచ్చింది. నాయన యాడికొస్తాడు? ఈడే ఉండాడు. ఆయన మీద బూట్లతో ఎట్ల నిలబడేది?" గుంపులో అందరూ ఆ ఊరోళ్లే కాబట్టి అందరికీ తెలుసు. అందుకే ఆ వరస ఎప్పుడూ మామకే వదిలేస్తారు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం వరస కింద దూరి తీగలన్నీ చూసినాను. ఒకచోట ఎలుకలు తీగ మీది తొడుగు కొరికేసినాయి, లోపలి రాగి మిలమిలమంటాంది. మామ రోజూ నిలబడే చోటికి చెయ్యి చాపితే అందే దూరం. వెంటనే ఆ తీగ మార్పించినాము. కానీ ఎలుకలకు టూల్‌బాక్స్ టాక్ ఎవరు చెప్తారు? రేపు ఇంకొకటి కొరుకుతాయి. మామ కాళ్లకూ నేలకూ నడుమ ఏదో ఒకటి ఉండి తీరాల.

మేనేజరు దగ్గరికి పోయినాను. విషయమంతా విని, "పాపం. వేరే బ్లాకుకు మార్చు" అన్నాడు.

"మారిస్తే ఆయనకు పాసు ఉన్నా లేనట్లే సార్. బూట్ల రూలు ఎందుకు పెట్టినాము? రిస్క్ తగ్గించేదానికే గదా. వేరే దారిలో తగ్గిస్తే?"

"ఏం దారి?"

ఇన్వర్టరు రూములో పెద్ద స్విచ్చిల ముందర నల్లటి రబ్బరు మ్యాట్ పరిచి ఉంటాది. దాని మీద నిలబడితే కరెంటు మన ఒంట్లోంచి నేలకు దిగేదానికి దారి దొరకదు. అట్లాంటివి రెండు కావాలన్నాను, ఒకదాని మీద నిలబడి ఇంకోటి ముందుకు జరుపుకుంటాడని. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మ్యాట్ తడవకూడదు. ఆ వరస నీళ్లు పోయకుండా పొడి బ్రష్‌తో తుడవాల. పేపరు మీద పెట్టు, బాధ్యత నీది" అన్నాడు. నాదే సార్ అన్నాను.

మరుసటి పొద్దు మామకు మ్యాట్ చూపిస్తే వేలితో నొక్కి చూసినాడు. "ఇదీ రబ్బరే, బూటూ రబ్బరే గదా పాపా?"

"బూటు తొడుక్కునేది మామా. ఇది పరుచుకునేది. పెద్దాయన దగ్గరికి పోతే చాప పరుచుకోమా?"

మామ బూట్లు విడిచి, వంగి నేలకు మొక్కి, మ్యాట్ అంచులు సవరించి మరీ పరిచినాడు. దాని మీద నిలబడి బ్రష్ పట్టుకున్నాడు. "మెత్తగా ఉండాది. నాయనకు గూడా బరువు తెలీదులే" అన్నాడు. నేను నవ్వినాను.

కొన్ని నెలలకు బయట నుంచి సేఫ్టీ ఆడిట్‌కు ఒకాయన వచ్చినాడు. రూలు తప్పినామని ఆయన రాస్తే మామ పాసు పోయినట్లే. ఆ వరసలో ఉత్త కాళ్లు కనబడగానే నన్ను దాటుకోని నేరుగా మామ దగ్గరికి నడిచినాడు. "హజార్డ్ అంటే ఏంది? రిస్క్ అంటే ఏంది?" అని కన్నడంలో అడిగినాడు.

"తీగలో ఉండేది హజార్డ్ సామీ" అని మామ కన్నడంలోనే చెప్పినాడు. "ఉత్త కాళ్లతో నేను నేల మీద నిలబడితే రిస్క్. అందుకే మా పాప ఈ చాప ఇచ్చింది."

"బూట్లు ఇయ్యలేదా?"

"ఇచ్చింది. అద్దో, ఆడ విడిచినాను. ఈడ మా నాయన పండుకోనుండాడు."

ఆయన నేలకేసి చూసినాడు. తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. మెల్లగా వెనక్కి నడిచి దారి మీదికి పోయి, మిగతా ప్రశ్నలన్నీ ఆడ్నుంచే అడిగినాడు. పాసుకు ఏ అడ్డమూ రాలేదు. మామ ఇప్పటికీ అదే గుంపులో ఉండాడు.

హజార్డ్ తీగను చూస్తే తెలిసిపోతాది. రిస్క్ తెలియాలంటే మనిషిని కూడా తెలుసుకోవాలని నాకు తెలిసొచ్చింది ఆ వరసలోనే. ఇప్పుడు ఎవరి కాళ్లకన్నా బూట్లు లేకుంటే, వేసుకోమనే ముందు ఎందుకు విడిచినావని అడుగుతాను. చెమట పడతాంది అంటే ఊరుకోను. అసలు మాట బయటికొచ్చేదాకా ఆడే, పక్కనే నిలబడతాను.