మా ఇంట్లో మొదటిసారి ఒక్కరే బస్సెక్కిన రోజు

మా మేనత్త దయావతికి పుట్టడానికి కూడా ఓపిక లేకపోయిందట. నెలలు నిండకముందే వచ్చేసింది. ఆ తొందర ఆమెను ఇప్పటికీ వదల్లేదు. అన్నం వార్చకముందే కంచం ముందు కూర్చుంటుంది. చర్చిలో అందరూ మొదటి చరణంలో ఉంటే తాను రెండో చరణంలో ఉంటుంది. అలాంటి మనిషిని దేవుడు తెచ్చి మా ఇంట్లో పడేశాడు. మా ఇంట్లో ఒక మనిషి గడప దాటాలంటే ఊరేగింపు కట్టాల్సిందే.

మాది సంగారెడ్డి. తాత సుందర్‌రాజు మిషన్ బడిలో పంతులు. నానమ్మ పేరు సౌభాగ్యమ్మ. తాత అక్క సాయమ్మవ్వ, భర్త పోయాక తమ్ముడి ఇంటికొచ్చి ఆ ఇంటిని తన రాజ్యం చేసుకుంది. దయత్త అన్న సత్యానందం, అంటే మా నాన్న. వీధి చివర నానమ్మ తమ్ముడు సొలొమోను ఉండేవాడు, కానీ భోజనం వేళకు ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండేవాడు. నేను చెప్పేది డెబ్బై నాలుగు నాటి సంగతి. అప్పటికి నేను పుట్టలేదు. అయినా ఈ కథ వాళ్ళందరికంటే నాకే బాగా తెలుసు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క విని, అబద్ధాలు తీసేసి, మిగిలినవి అతికించాను.

మావాళ్ళ ప్రయాణాల గురించి కొంచెం చెప్పాలి. క్రిస్మస్‌కు మెదక్ చర్చికి పోయినా, కొండాపూర్‌లో చుట్టాల పెళ్ళికి పోయినా ఇల్లంతా కదలాలి. పరుపు చుట్టలు, రొట్టెల మూట, ఉప్పూ కారం, ఒకోసారి బతికున్న కోడి. తాతకు పన్ను పీకించడానికి హైదరాబాదు పోతే ఇంటిల్లిపాదీ పోయారు. పీకింది ఒక్క పన్ను. "ఒక్కరు పోతే పని, పది మంది పోతే పండుగ" అనేది సాయమ్మవ్వ. ఊరేగింపుకు ముందు ఆమే. చేతిలో నల్లగొడుగు. అది ఎండకూ కాదు, వానకూ కాదు, బస్సులు ఆపడానికి. అందరికంటే వెనక మా నానమ్మ. నెత్తిన మూట పెట్టుకుని, ముందు ఎవరి వీపు కనబడితే ఆ వీపు వెంట నడిచేది. ఏ ఊరు పోతున్నామని కూడా అడిగేది కాదు.

బయలుదేరే ముందు గడపలో నిలబడి ప్రయాణ ప్రార్థన చేయడం మా ఇంటి ఆచారం. మంచి ఆచారమే. కానీ చేసేది మా తాత. డ్రైవరు కళ్ళు, కండక్టరు కోపం, ఆరు చక్రాలు, ఆ చక్రాల్లో గాలి, ఇస్నాపూర్ దగ్గర ఎదురొచ్చే లారీలు, ఆ లారీల డ్రైవర్ల నిద్ర, అన్నిటినీ పేరుపేరునా ప్రభువుకు అప్పగించేవాడు. ఆయన ఆమెన్ అనేసరికి, ఏ బస్సు క్షేమం కోసం ప్రార్థించాడో ఆ బస్సు వెళ్ళిపోయేది.

దయత్తకు ఫ్యాక్టరీ పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే. పటాన్‌చెరు వైపు కొత్త కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. బొంబాయి రోడ్డు మీద పోతుంటే పొగ గొట్టాలు కనబడేవి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరుతున్నారు, తెలుగూ హిందీ కలిపి మాట్లాడుతున్నారు. దయత్తకు ఆ ఫ్యాక్టరీ సైరను కావాలి. ఫోటో అంటించిన గుర్తింపు కార్డు కావాలి. భుజానికి బ్యాగు కావాలి. సంగారెడ్డిలో టైపు నేర్చుకుంది. టైపు మిషను దొరకనప్పుడు కనబడిన దాని మీదల్లా కొట్టేది: తొడ మీద, తలుపు మీద, ప్రసంగం సాగుతుంటే పాటల పుస్తకం అట్ట మీద. ఒకసారి ముందు బెంచీలో కూర్చున్న పెద్దమనిషి వీపు మీద కూడా కొట్టిందని మా నాన్న అంటాడు. అది మాత్రం నేను నమ్మను.

తాత లెక్క వేరు. మెదక్‌లో టీచర్ ట్రైనింగ్‌కు మాట్లాడి పెట్టుకున్నాడు.

"నాతోని గాదు నాయినా! పొద్దుగూకులు పోరగాండ్ల ముక్కులు తుడవాల్నా?"

"మరి నేను ముప్పై ఏండ్ల సంది ఏం చేస్తున్ననే?"

"నువ్వు తుడుస్తున్నవ్. గందుకే నాకొద్దంటున్న."

తాతకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. పటాన్‌చెరులో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో టైపిస్టు పరీక్ష ఉందని పేపర్లో పడింది. "ఈ ఒక్కదానికి పోనిస్త. నౌకరి దొరికితే సరే. దొరకకుంటే మాట్లాడకుంట ట్రైనింగ్‌కు పోవాలె" అన్నాడు. దయత్త ఎగిరి గంతేసింది. ఆ గంతుకు అటక మీది గిన్నె కింద పడింది.

పరీక్ష నాడు ఏం జరిగి ఉంటుందో మీకు తెలిసిపోయే ఉంటుంది. ఇంటిల్లిపాదీ బయలుదేరారు. ప్రార్థన సాగుతుండగా బస్సు వెళ్ళిపోయింది. దయత్త ఏడుపు ఒక్కటే తక్కువ. సాయమ్మవ్వ గొడుగు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి తర్వాతి బస్సును ఆపింది. దయత్త పరిగెత్తి, ఆఖరి నిమిషంలో గేటులో దూరింది.

లోపల ఆమె టైపు కొడుతోంది. బయట మావాళ్ళు ఏం చేయాలి? గేటు పక్కన చెట్టు నీడ ఉంది, మూడు రాళ్ళు దొరికాయి. సొలొమోను కోడికూర వేడి చేయడానికి మంట పెట్టాడు. ఫ్యాక్టరీ గోడ కింద మంట! కాపలావాడు కర్ర తీసుకుని ఉరికొచ్చాడు.

"అరే, యే క్యా హై? ఆగ్ బుఝావో!"

మంట ఆర్పమన్న ఆ అరుపులకు ఆఫీసులోంచి బాపిరాజుగారు బయటికొచ్చారు. ఉద్యోగాలిచ్చేది ఆయనే. భీమవరం వైపు మనిషి, ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చాపలూ మూటలూ మనుషులూ చూసి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఎవరండీ బాబూ మీరంతా? పెళ్ళివారా?"

"పెండ్లి గాదు సారూ, పరీక్ష. మా పిల్లకు" అంది సాయమ్మవ్వ. "ఎండల నిలబడ్డవ్, కూసో. జెర రొట్టె తింటవా?"

ఆయన తినలేదు. కానీ కూర గిన్నె వైపు రెండోసారి చూశాడని సొలొమోను బతికున్నంత కాలం చెప్పాడు.

కాసేపటికి దయత్తను ఆయన గదిలోకి పిలిచారు. బాపిరాజుగారి ముందు ఆమె కాగితాలున్నాయి.

"నీ టైపింగుకి వంక పెట్టడానికి లేదమ్మా. అందరికంటే ముందు ముగించావు, తప్పుల్లేవు. కానీ నా బాధ విను. కిందటేడు ఇద్దరమ్మాయిల్ని తీసుకున్నాను. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడని ఒకమ్మాయి రాదు. తమ్ముడికి జ్వరం, తోడు లేదని ఇంకో అమ్మాయి రాదు. పైవాళ్ళకి జవాబు చెప్పలేక చచ్చాననుకో. వాళ్ళకి ఒక్కరు తోడు. నీకేమో ఊరంతా తోడొచ్చింది."

దయత్త చేతులు బల్ల అంచు మీద వాటంతటవే టైపు కొడుతున్నాయి.

"రేపు ఎనిమిదింటి సైరనుకి గేటు దగ్గరుండు. ఒక్కదానివే బస్సెక్కి రావాలి. మీవాళ్ళలో ఒక్కరు ఆ బస్సులో కనబడినా ఇంకొకరిని చూసుకుంటాను. ఏమనుకోకు" అన్నారాయన.

తిరుగు బస్సులో గలాటా మొదలైంది.

"ఒంటిగనా? బొంబాయి తొవ్వ మీదనా?" అని సాయమ్మవ్వ గుండెలు బాదుకుంది. "గసొంటి నౌకరి మనకెందుకే? ఆ సారుకు ఆడపిల్లలు లేరేమో!"

దయత్త నిండు బస్సులో లేచి నిలబడింది. "సూడున్రి. ఇది పోతే నేను బతుకంత ముక్కులు తుడవాలె. మీలో ఎవ్వరన్న రేపు బస్సెక్కిన్రో, నడుస్తున్న బస్సులకెల్లి దుంకుత!"

"సరే బిడ్డా, బస్సెక్కం" అన్నాడు తాత. "ఎక్కంలే" అంది సాయమ్మవ్వ కూడా.

మావాళ్ళు అంత జల్దీ ఒప్పుకున్నారంటే అనుమానం రావాలి. దయత్తకు రాలేదు. ఇంటికి పోగానే సత్తు చెంబులో నిప్పులు పోసి చీర ఇస్త్రీ చేయడంలో పడిపోయింది. పొద్దు వాలకముందే సాయమ్మవ్వ, రుద్రారంలో ఎవరికో కడుపునొప్పి అని గొడుగు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కడుపునొప్పి ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

తెల్లవారింది. తాత గడపలో నిలబడ్డాడు. ఈ బస్సు కూడా పోయినట్టే అనుకుంది దయత్త. తాత కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీకన్నీ తెలుసు, ఆమెన్" అన్నాడు. మా వంశ చరిత్రలో అంత చిన్న ప్రార్థన మళ్ళీ లేదు. నానమ్మ కనబడలేదు. "అమ్మేది?" అంటే, "నీళ్ళకు పోయినట్టుంది" అన్నాడు. ఆయనకూ నిజంగా తెలియదు. బస్టాండు దాకా వచ్చి, బస్సుకు దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బస్సెక్కనని చూపించడానికన్నట్టు రెండడుగులు వెనక్కి కూడా వేశాడు.

బస్సు కదిలింది. దయత్తకు గాలిలో తేలినట్టుంది. పక్కన ఎవరి మూటా లేదు, ఒళ్ళో ఎవరి కోడీ లేదు. ఆ సంతోషం పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాకా ఉంది. అక్కడ సైకిలు పట్టుకుని సొలొమోను నిలబడి ఉన్నాడు. బస్సు ఆగగానే అటు తిరిగి సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు. దయత్త తల కిందికి దించుకుంది.

కంది దగ్గర మా నాన్న. పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

"అమ్మా, ఆయన నిన్నే సూస్తున్నడు" అన్నాడు కండక్టరు.

"మా అన్న" అంది దయత్త పళ్ళు కొరుకుతూ.

రుద్రారం రాకముందే రోడ్డు మధ్యలో నల్లగొడుగు కనబడింది. డ్రైవరు తిట్టుకుంటూ బ్రేకు వేశాడు. సాయమ్మవ్వ బస్సు ఎక్కలేదు. కిటికీ కిటికీ వెతుక్కుంటూ వచ్చి, దయత్తను చూసి, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఎక్కుతవా ఎక్కవా?" అని కండక్టరు అరిచాడు.

"నేనెందుకు ఎక్కుత? నా తొవ్వన నేను నిలబడ్డ. పోనియ్యి, పోనియ్యి. పిల్లకు ఆలస్యమైతది!"

బస్సంతా నవ్వింది. "ఇంకెందరున్నరమ్మా మీవోళ్ళు?" అని కండక్టరు అడిగాడు. దయత్తకు మొదట ఒళ్ళు మండింది. తరువాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఇస్నాపూర్‌లో తలెత్తి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ చూసింది. అక్కడ ఎవరూ లేకపోవడం ఆమెకు నచ్చలేదు. ఆ మాట ఆమే నాకు చెప్పింది.

పటాన్‌చెరులో దిగి గేటు వైపు పరిగెత్తింది. గేటు ముందు, ఎవరి వీపూ లేకుండా, మా నానమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది.

"అమ్మా! నువ్వెట్లొచ్చినవే? ఎవరితోనొచ్చినవ్?"

"మొదటి బస్సుకొచ్చిన. ఒక్కదాన్నే." ఆ రెండు ముక్కలు చెప్పేటప్పుడు నానమ్మ మొహం వెలిగిపోయిందట. "వాళ్ళందరు తొవ్వల నిలబడ్తమని గుసగుసలు పెట్టిన్రు. నన్ను ఇంట్లుండుమన్నరు. ఇంట్ల మనసు నిలవలే బిడ్డా. నువ్వు దిగినంక ఇక్కడ ఎవలుండాలె?"

సరిగ్గా అప్పుడే బాపిరాజుగారి స్కూటరు వచ్చి ఆగింది. ఆయన చూపు దయత్త మీంచి నానమ్మ మీదికి పోయింది.

"ఏమ్మా, ఏమని చెప్పాను?"

దయత్త నానమ్మకు ముందుకొచ్చి నిలబడింది. "నేను ఒక్కదాన్నే వచ్చిన సార్. మా అమ్మ గూడ ఒక్కతే వచ్చింది. నాకంటె ముందొచ్చింది. ఆమె పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఒక్కతే బస్సెక్కుడు ఇదే మొదలు. ఇంతకంటె ఏం గావాలె సార్ మీకు?"

బాపిరాజుగారు స్కూటరుకు స్టాండు వేశారు. సైరను మోగింది. "లోపలికి పద, ఆలస్యమవుతుంది" అన్నారు. ఉద్యోగం అలా వచ్చింది.

దయత్త గేటులోకి పోతూ వెనక్కి తిరిగి, "రుద్రారంల అత్త ఉన్నది, ఆమెతోని కలిసి ఇంటికి పో అమ్మా" అని కేకేసింది. నానమ్మ తలూపింది.

సాయంత్రం దయత్త ఆనందంతో బస్సు దిగింది. అందరూ బస్టాండులోనే ఉన్నారు, కానీ ఆమె కోసం కాదు. నానమ్మ పొద్దున మొదటి బస్సెక్కిందని ఎవరో చెప్పారు, ఇంకా రాలేదు. దయత్త చెప్పినట్టు రుద్రారంలో దిగలేదు, ఏ బస్సులోనూ కనబడలేదు. తాత పరేషాన్‌గా అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాయమ్మవ్వ గొడుగు కింద పెట్టి కూలబడింది. దయత్త ఉద్యోగం సంగతి అడిగే దిక్కు లేదు. ఆమె కూడా చెప్పడం మరిచిపోయి, అమ్మా అమ్మా అని ఏడవడం మొదలుపెట్టింది.

దీపాలు పెట్టే వేళకు హైదరాబాదు బస్సు వచ్చింది. అందరికంటే ముందు నానమ్మ దిగింది. చేతుల నిండా కొత్త గాజులు.

"యాడికి పోయినవే?" సాయమ్మవ్వ లేచి ఎదురొచ్చింది.

"చార్మినార్ సూసొచ్చిన వదినె."

"ఒక్కదానివే? ఎట్ల పోయినవే?"

"బస్సుల కూసున్న. అదే తీస్కపోయింది."

ఏడుస్తున్న దయత్తకు నవ్వు ముంచుకొచ్చింది. నానమ్మ ఆమె కళ్ళు తుడిచి, గాజులు గలగలమంటుంటే చెయ్యి పట్టుకుంది.

"రేపటికెల్లి నీ ఎంబడి తొవ్వల ఎవ్వరు నిలబడరు బిడ్డా, నేను జెప్తున్న. నేను గూడ రాను. నాకు గోలకొండ సూసేదున్నది."