నయం కాదని చెప్పిన మనిషి

మిషన్లు కడిగిన మందు ఘాటు ముక్కుకు తగిలి ఈ ఉదయం సుభద్ర సిస్టర్ గుర్తొచ్చింది. పలాసలో మా డయాలసిస్ వార్డుకు ఆవిడ హెడ్ నర్సు. నేను అప్పుడే చేరాను. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో పడకలెప్పుడూ నిండే ఉండేవి. ఒకరిని దించి ఇంకొకరిని ఎక్కించడంతోనే పొద్దు గడిచిపోయేది. ఇక మాటలకు ఓపిక ఎక్కడిది?

అక్కుపల్లి నుంచి వచ్చే నూకరాజు సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. సూది గుచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"ఇంకెన్నిసార్లు సెయ్యాల సిస్టరమ్మా? ఎప్పుడికి నయమవుద్ది?"

"తొందర్లోనే తగ్గిపోతుందిలే" అనేసి పక్క పడకకు వెళ్లిపోయేదాన్ని. ఆ మాట అతను నమ్ముతున్నాడని నాకు తట్టనే లేదు. ఒంట్లో కాస్త తేలిగ్గా అనిపించగానే రావడం మానేసి వేటకు పోయాడు. వారం తిరక్కుండానే భార్య ఆటోలో తీసుకొచ్చింది. మొహమంతా వాపు, మాట రానంత ఆయాసం.

ఎలాగో ప్రాణం దక్కింది. మర్నాడు సుభద్ర సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"తమ్ముడూ, ఇది నయమయ్యే జబ్బు కాదు. నీ కిడ్నీలు సెయ్యాల్సిన పని ఈ మిషను సేత్తంది. మానేత్తే పానం మీదకొత్తాది. వత్తా ఉంటే పిల్లల్తో ఉంటావు."

అతను నా వైపు తల తిప్పాడు. "మరి ఈ సిస్టరమ్మ తగ్గిపోద్దన్నాది గదా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తప్పు చెప్పాను, అన్నా" అన్నాను.

అతని ప్రశ్నలన్నీ అయ్యేదాకా ఆవిడ లేవలేదు. బయటికొచ్చాక గోడకు చేరబడి, "అబద్ధం నిలబడే సెప్పీయొచ్చు. నిజానికి కూకోవాల. మనకదే కుదరదు, ఏటి సేత్తాం" అంది. ఆవిడా బాగా అలసిపోయే ఉంది.

ఆ తర్వాత నూకరాజు ఒక్కసారి కూడా మానలేదు. రెండేళ్లు బతికాడు. పోయాక భార్య వచ్చి, "మీ పెద్ద సిస్టరమ్మ సెప్పినాకే మా ఆయన నిమ్మళంగా నిద్దరోయినాడు" అని చెప్పి వెళ్లింది.

సుభద్ర సిస్టర్ రిటైరై టెక్కలి వెళ్లిపోయింది. ఆవిడ చోట ఇప్పుడు నేనున్నాను. ఇవాళ వజ్రపుకొత్తూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఎప్పటికి తగ్గుతుందని అడిగింది. వరండాలో ఇంకా ఆరుగురున్నారు. నా కాళ్లు పీకుతున్నాయి. ఇన్నేళ్లయినా ఆ జవాబు నాకు తేలిక కాలేదు. ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాను. తర్వాత చెప్పాను.